గురి తప్పించే కన్ను

పుదుచ్చేరిలోని గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఎదుట నిలబడి, చేయి చాచి, బొటనవేలిని దూరపు కిటికీ ఒకదానికి సూటిగా పెట్టండి. ముందు కుడికన్ను, తరువాత ఎడమకన్ను మూసి చూడండి. వేలు కదలకపోయినా కిటికీ మీదనుంచి పక్కకు జరిగినట్లు తోస్తుంది. దీనినే పారలాక్స్ అంటారు.

తుపాకి స్కోపులోని గురిగీత కూడా ఆ వేలి వంటిదే. తేలికపాటి పాయింట్ 22 రైఫిలుకు స్కోపు కొనేవారు మాత్రం అది ఎన్ని రెట్లు పెంచి చూపుతుందనే అడుగుతారు. పెద్ద రైఫిళ్ల స్కోపులలో ఈ దోషాన్ని సాధారణంగా 100 గజాల దూరానికి సరిదిద్ది ఉంచుతారు. వేటకు అనుమతి గల దేశాలలో కుందేళ్లను, ఉడుతలను చిన్న రైఫిలుతో కొట్టేది చాలావరకు 50 గజాల లోపే. అక్కడ కన్ను కాస్త పక్కకు జరిగినా గురి తొలగుతుంది. గాయపడిన ప్రాణి పొదలో యాతన పడుతుంది. కనుక 50 గజాలకు సరిదిద్దిన స్కోపే శ్రేయస్కరం.

నాలుగు రెట్లు పెంచే, 32 మిల్లీమీటర్ల కటకం గల స్కోపు చాలు. కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 8 మిల్లీమీటర్లుంటుంది. పన్నెండు రెట్లయితే అది మూడుకు లోపే; మసక వెలుతురులో దృశ్యం నల్లబడుతుంది. బరువైన స్కోపు తేలిక రైఫిలు సమతూకాన్నీ చెడగొడుతుంది.

మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టం నిషేధిస్తోంది. లైసెన్సు గలవారికి మిగిలిన లక్ష్యం అట్టమీది నల్లచుక్కే. రైఫిలును ఇసుక సంచులపై నిలిపి, తల మాత్రం అటూ ఇటూ కదపండి. గురిగీత ఆ చుక్కను వీడకపోతే స్కోపు మంచిదే.