ధర్మలుప్తోపమ: గోల్ఫు బంతి, మోటారు కారు



గోల్ఫు బంతి ఒంటినిండా చిన్న చిన్న గుంటలుంటాయి. వాటివల్లనే అది నునుపు బంతికన్న దూరం పోతుంది. అట్లే కారుకూ గుంటలు పెడితే గాలి నిరోధం తగ్గి పెట్రోలు ఆదా అవుతుందని కొందరి వాదం. తెలుగు పండితుడికి ఇందులో పనేమిటనకండి. ఇది ఉపమాలంకారం, పరీక్షించడం మా వృత్తిధర్మమే.

ఉపమేయం కారు, ఉపమానం బంతి, వాచకం ‘అట్లే’. మరి సమానధర్మమేది?

బంతి వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు. నునుపు బంతినంటిన పలుచని గాలిపొర నిలకడగా పారి, నడుము దగ్గరే విడివడుతుంది. వెనుక ఏర్పడే పెద్ద సుడి బంతిని వెనక్కి లాగుతుంది. గుంటలు ఆ పొరను కలచివేయగా, అది మరికొంత వెనుకదాకా అంటిపెట్టుకొంటుంది, సుడి చిన్నదవుతుంది. ఈ పొర సిద్ధాంతాన్ని 1904లో ప్రాంట్ల్ ప్రతిపాదించాడు. నిలకడ పొర కలత పొరగా మారే తీరుపై 1958లో సతీశ్ ధవన్, రొద్దం నరసింహ ప్రసిద్ధ పరిశోధనా పత్రం వెలువరించారు. మా బిట్రగుంటకు దక్షిణాన, ఇదే కోస్తాలో ఉన్న శ్రీహరికోట కేంద్రానికి 2002లో పెట్టినది ఆ ధవన్ గారి పేరే.

కారు సంగతి వేరు. నాలుగు మీటర్ల ఒడలు గలది. రహదారి వేగంలో దాని మీది పొర చాలావరకు ముందే కలగి ఉంటుంది. కలగిన నీటిని మళ్ళీ కలచడమెందుకు? పైగా ఆ పొర ఎక్కడ విడివడాలో ముఖ్యంగా వెనుకభాగపు వాలు, అంచులు నిర్ణయిస్తాయి.

2009లో అమెరికా టీవీ కార్యక్రమం ‘మిత్ బస్టర్స్’ బంకమట్టి పూసి గుంటలు చేసిన కారు గాలనుకు 26 మైళ్ళకు బదులు 29కి పైగా నడిచిందని చూపింది. ఒక కారుతో చేసిన ఒక ప్రదర్శన కుతూహలం రేపుతుంది గాని సిద్ధాంతాన్ని స్థాపించదు. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ పైకప్పు వెనుక అంచున చిన్న రెక్కలు అమర్చారు. పొర విడివడబోయే చోటే గనుక లాభం కలిగింది, అదీ స్వల్పమే. ఔచిత్యమంటే అదే!

వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు. కనుక మా 16వ నంబరు జాతీయ రహదారిపై పోయేవారు కాస్త నిదానించి, పైకప్పు మీది ఖాళీ క్యారియరు తీసివేస్తే చాలు.

సమానధర్మం లోపించినా కావ్యంలో ‘ధర్మలుప్త’ అని మెచ్చుకొంటాం. అక్కడ సహృదయుడు దానిని ఊహించుకోగలడు. శాస్త్రంలో మాత్రం చూపించి తీరవలసిందే.