డిలీట్ బటన్ ఇచ్చారు సరే, అది ఏం డిలీట్ చేస్తుందో ఎవరు చెప్తారు?



పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఏఐ మన గురించి గుర్తుపెట్టుకున్న వాటిని చెరిపేసే టూల్ గురించి రాస్తున్నాం. "డిలీట్ ఆప్షన్ ఉంది కదా, ఇంకేం కావాలి మీకు?" అని అడిగేవాళ్లకి మా జవాబు ఇది.

ఇప్పటి చాట్‌బాట్‌లు ఆ పూటకి మాట్లాడి మర్చిపోయే రకం కాదు. మనం చెప్పినదాంట్లోంచి పనికొచ్చే ముక్కలు ఏరి, చిన్న చిన్న వాక్యాలుగా వేరే చోట దాచుకుంటాయి. తర్వాత ఎప్పుడో దానికి దగ్గరి విషయం అడిగితే వాటిని బయటికి తీస్తాయి. అంటే చాట్ ఒక చోట, జ్ఞాపకం ఇంకో చోట. చాట్‌జీపీటీలో చాట్ డిలీట్ చేసినంత మాత్రాన సేవ్ అయిన మెమరీ పోదు, దాన్ని విడిగా తీసేయాలి. ఈ మాట వాళ్ల సహాయ పేజీలో రాశారు, కాదనం. కానీ మనవాళ్లు ఆ పేజీ దాకా వెళ్తారా? బటన్ పక్కన రాయాల్సిన మాట అది.

మా హాస్టల్ సంగతి చెప్తాం. ఒక అకౌంట్ ఆరుగురం వాడతాం. అందులో ఒకరు తన రక్తపరీక్ష రిపోర్టు పెట్టి, సికిల్ సెల్ అంటే ఏమిటని అడిగారు. వారం తర్వాత ఇంకొకరు ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు రాసిపెట్టమంటే, "మీ సికిల్ సెల్ సమస్య దృష్ట్యా" అని మొదలుపెట్టింది. అప్పటికే ఆ పాత చాట్ తీసేసి ఉంది. యాప్ పేరు ఇక్కడ అనవసరం. ఆ రిపోర్టు ఎవరిదో రూం అంతా తెలిసిపోయింది. మన ఊళ్లలో ఆ ఒక్క మాట పెళ్లి సంబంధం దాకా వెళ్తుందని మీకు చెప్పక్కర్లేదు.

ఇవి తయారుచేసే వాళ్ల డాక్యుమెంటేషన్ కూడా చూశాం. మెమ్‌జీరో అని ఏజెంట్లకి జ్ఞాపకం అమర్చే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటుంది. యూజర్ ఐడీ ఇచ్చి అన్నీ తీసేయమంటే ఆ ఐడీ కింద ఉన్న జ్ఞాపకాలన్నీ పోతాయి. మంచిదే. కానీ ఒక ఐడీ అంటే ఒక మనిషి అనుకుని రాసిన లెక్క అది. ఆరుగురిలో ఒక్కరివే తీయాలంటే? ఒక్కొక్క వాక్యం చదివి ఇది ఎవరిదో మనమే తేల్చుకోవాలి. ఇంకోటి, మేం చూసిన కోడ్‌లో మార్పుల చరిత్ర రాసే పట్టిక ఒకటి వేరుగా ఉంది. జ్ఞాపకం తీసేస్తే "తీసేశాం" అని అందులో రాస్తుంది, పక్కనే తీసేసిన పాత వాక్యాన్ని కూడా పెడుతుంది! ఇంజినీర్లకి అది తప్పుల్ని వెతుక్కునే సౌకర్యం. రిపోర్టు చెరిపేయమన్న పిల్లకి మాత్రం అది చెరపనట్టే. ఇలాంటివి మొదటి పేజీలో, మొదటి పేరాలో ఉండాలి. కోడ్ చదవడం వచ్చినవాళ్లకే తెలిసేలా ఉంటే అది డాక్యుమెంటేషన్ ఎలా అవుతుంది?

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చింది. 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేసి, ఈ సెక్షన్ అమలుకి 18 నెలల గడువు పెట్టారు. ఇంతకీ మన డేటా తీసుకునే ముందు ఇచ్చే నోటీసు ఏ భాషలో ఉండాలి? ఇంగ్లీషులో, లేదా ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో. గోండి అందులో లేదు. కోయ, కొలామి, సవర, లంబాడీ లేవు. 2011 జనాభా లెక్కల్లో గోండి 29 లక్షల మందికి పైగా మాతృభాష, సంస్కృతం 25 వేల మందికి లోపు. షెడ్యూల్‌లో ఉన్నది ఏదో చూసుకోండి.

కొందరు సీనియర్ అన్నలు "ఊళ్లో సిగ్నలే ఉండదు, మీకు ఈ మెమరీ గోల ఎందుకురా" అంటున్నారు. అన్నా, కాగితంలో ఏముందో చదివి చెప్పకుండా వేలిముద్ర వేయించుకున్నందుకు ఎన్ని భూములు పోయాయో మాకు చెప్పింది మీరే. 1/70 చట్టం గురించి క్లాసులు పెట్టిందీ మీరే. ఇప్పుడు పోడు పట్టా వివరాలు, కులం సర్టిఫికెట్ గొడవలు, ఇంట్లో అప్పులు మన పిల్లలు టైప్ చేస్తోంది ఈ యాప్‌లలోనే. ఇదీ కాగితమే, ఇదీ చదివి చెప్పాల్సిందే.

చెరిపే టూల్ ఇచ్చే ప్రతివాళ్లూ నాలుగు మాటలు తేటగా రాయాలి. ఏం పోతుంది, ఏం మిగులుతుంది, మిగిలింది ఎన్నాళ్లుంటుంది, పోయిందని మనం ఎలా చూసుకోవాలి. వాళ్లు రాసేదాకా మేం కూర్చోం. మా హాస్టల్ కంప్యూటర్స్ పిల్లలం నలుగురం తెలుగులో ఒక పేజీ మొదలుపెట్టాం. చదవలేని అమ్మానాన్నల కోసం ఆడియో కూడా చేస్తాం. కోయ, లంబాడీలకి మాలోనే గొంతులున్నాయి. గోండి, కొలామి, సవర బాగా మాట్లాడేవాళ్లు కావాలి. "జ్ఞాపకం", "చెరిపేయడం", ఈ రెంటికీ మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట వాడతారో అడిగి, ఈ ఆదివారం లోపు వాయిస్ మెసేజ్ పెట్టండి.