అభిరుచి అనే అభాండం

"ముస్లిములకు చదువుపై ఆసక్తి లేదు. పండ్ల బండి, పంక్చరు దుకాణం, మెకానిక్ షెడ్డు... అదే వారి సంస్కృతి." ఈ మాట అనేవారికి అది అభాండంగా కాక పరిశీలనగా తోచడమే అసలు విషాదం.

తాను ఎవరినని మనిషి భావిస్తాడో దాన్ని బట్టే అతని ఆర్థిక నిర్ణయాలుంటాయన్నది నిజమే. జార్జ్ అకెర్లాఫ్, రేచల్ క్రాంటన్ 2000లోనే ఈ అంశాన్ని అర్థశాస్త్ర చర్చలోకి తెచ్చారు. కానీ ఆ భావన గాలిలో పుట్టదు. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే జరిపిన ప్రయోగంలో, కులం ప్రస్తావన లేనంతవరకు అగ్రకులాల బాలురు, దళిత బాలురు చిక్కుదారి పజిళ్లను ఇంచుమించు సమానంగా పరిష్కరించారు. అందరి ఎదుటా కులం ప్రకటించగానే దళిత బాలురు వెనుకబడ్డారు. క్షణం క్రితం ఉన్న తెలివి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. తమకు న్యాయం జరుగుతుందన్న నమ్మకం సడలింది.

మన సంగతీ అంతే. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడ్డారు. హిందూ శ్రామికుల్లో ఆ వాటా 55 శాతం. దీనిని 'వ్యాపార స్వభావం' అనేవారు అదే నివేదికలోని మిగతా పుటలు తిప్పరు. జనాభాలో 13.4 శాతమున్న ముస్లిములు ఐ.ఏ.ఎస్.లో 3 శాతమే. ముస్లిములు అధికంగా నివసించే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'రెడ్ జోన్లు'గా చూశాయి. అర్హతలు సమానమైనా, ముస్లిం పేరుతో వెళ్లిన దరఖాస్తులకు ప్రైవేటు సంస్థల నుంచి పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో థోరట్, అటెవెల్ అధ్యయనం తేల్చింది. పేరు చూసి తలుపు మూసినవారే, బయట నిలబడినవాడికి లోపలికి రావాలని లేదంటున్నారు!

వడ్డీకి దూరంగా ఉండటం మాత్రం విశ్వాసం నుంచి వచ్చిన నిర్ణయమే. దానికైనా దారి చూపారా? వడ్డీరహిత బ్యాంకింగును అనుమతించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది.

అవకాశమిస్తే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. 2007లో బి.సి.-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌తో మన బిడ్డలు వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో చేరారు. వారి సంస్కృతి రాత్రికి రాత్రి మారిందా? మారింది సంస్కృతి కాదు, అవకాశం.

కనుక ప్రభుత్వాలను అడగవలసింది జాలి కాదు. సచార్ సూచించిన సమాన అవకాశాల కమిషన్ కావాలి. ప్రైవేటు నియామకాల్లో వివక్షను శిక్షించే చట్టం కావాలి. ప్రాంతాలవారీగా బ్యాంకు రుణాల లెక్కలు బహిరంగపరచాలి.

మన ఇళ్లలోనూ ఒక మాట ఆగాలి. "మనకెలాగూ ఉద్యోగాలివ్వరు" అని పదో తరగతి పిల్లవాడిని షెడ్డుకు పంపడం అనుభవం నేర్పిన జాగ్రత్తే కావచ్చు. కానీ మనపై మోపిన అభాండానికి రేపటి సాక్ష్యాన్ని సిద్ధం చేస్తున్నదీ ఆ జాగ్రత్తే.