రాక్షసుడు పుట్టుకతోనే రాక్షసుడా?

దసరా వస్తే వరంగల్ ఉర్సుగుట్ట దగ్గర రంగలీల మైదానం జనంతో నిండిపోతది. రావణుడి బొమ్మ కాలుతుంటే పిల్లలు చప్పట్లు కొడతరు. దీపావళికి నరకుని వంతు. రావణుడు ఏం తప్పు చేసిండని అడిగితే సీతను ఎత్తుకుపోయిన కథ చెప్తరు. మరి లంకలో కాలిపోయిన ఇండ్లవాళ్లు ఏం తప్పు చేసిండ్రని అడిగితే? దానికి కథ లేదు. వాళ్లు రాక్షసులు, అంతే. వాళ్ల నేరం వాళ్లు పుట్టిన కులమే. ఈ మాట దళితవాడలో పుట్టినోళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు.

ఇదే ప్రశ్న ఇప్పుడు అమెరికాలో ఒక ఆట మీద లేచింది. ఆట మీద సంపాదకీయమా అని నవ్వకుండా చివరిదాకా చదవండి.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేసిండ్రు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుని, తలా ఒక పాత్ర కట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడిపిస్తరు. మన బాగోతంలో వేషం కట్టినట్టే, కానీ మాటతోనే. ఈ ఆటకు లావుపాటి రూల్ పుస్తకాలు ఉంటయి. ఏ జాతిలో పుట్టినోడు ఎంత బలవంతుడు, ఎంత తెలివిగలోడు, మంచోడా చెడ్డోడా అన్నది చాలాకాలం ఆ పుస్తకాలే రాసిపెట్టినయి. 1977లో వచ్చిన వింతజీవుల పుస్తకంలో మన రాక్షసుడూ ఉన్నడు. పులి తల, నరమాంసం తిండి. సముద్రం దాటి పోయినా రాక్షసునికి ముద్ర తప్పలేదు.

అసలు గొడవ 'డ్రౌ' అనే జాతి దగ్గర వచ్చింది. యూరపు జానపద కథల్లో ఎల్ఫులని అడవుల్లో తిరిగే మాయమనుషులు ఉంటరు. ఈ ఆటలో వాళ్లు అందగాళ్లు, జ్ఞానులు. వాళ్లలోనే ఒక తెగ డ్రౌ. వీళ్లది నల్లటి ఒళ్లు, తెల్లటి జుట్టు. భూమి కింద గుహల్లో ఉంటరు, సాలెపురుగు దేవతను కొలుస్తరు. ఆడవాళ్లదే పెత్తనం. జాతి మొత్తం క్రూరులని రాసిండ్రు. ఒళ్లు ఎందుకు నల్లబడ్డదయ్యా అంటే, పెద్ద దేవుడు శపించిండట! నలుపు శాపం, ఊరవతల బతుకు శిక్ష. పూర్వజన్మ పాపం వల్ల మాలమాదిగలుగా పుట్టిండ్రని మన తాతలకు చెప్పిన కథకూ దీనికీ తేడా ఎంత?

ఇంకొకటి వినండి. అదే ఆటలో ఓర్కులని అడవి జాతి ఉంది. 2016లో అచ్చయిన ఒక పుస్తకం ప్రకారం, ఓర్కు పాత్ర కట్టినోనికి తెలివి అంకెలో రెండు కోత. పరీక్ష రాయకముందే రెండు మార్కులు తీసేసుడన్నమాట. ఇరవై ఏండ్లుగా బడిలో పాఠం చెప్తున్న నాకు ఈ రూల్ కొత్తగా అనిపించలేదు. హాజరుపట్టీలో ఇంటిపేరు చూడంగనే 'వీనికి లెక్కలు రావు' అని తేల్చే పంతుళ్లను చూస్తనే ఉన్నం. అమెరికావాడు దాన్ని అచ్చువేసిండు. మనోళ్లు మనసులో రాసుకున్నరు. అచ్చులో ఉన్నదాన్ని కొట్టేయొచ్చు. మనసులో ఉన్నదాన్ని ఏ సవరణతో కొట్టేయాలె?

అడగంగ అడగంగ ఆ ఆటలో మార్పు వచ్చింది. అది వచ్చిన తీరు మనం గమనించాలె.

మొదట ఒక 'మంచి' డ్రౌ పుట్టిండు. 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ అనే రచయిత తన నవలలో డ్రిజ్ట్ అనే వీరుణ్ని తెచ్చిండు. పాఠకులు నెత్తిన పెట్టుకున్నరు. కానీ డ్రిజ్ట్ ఎట్లా మంచోడయిండు? తన ఊరిని, తన జనాన్ని వదిలి పైలోకానికి వచ్చి మంచోడయిండు. ఈ ఉపాయం మనకు పాతదే. విభీషణుడు అన్నను విడిచి రాముని పంచన చేరి మంచోడయిండు. ప్రహ్లాదుడు తండ్రిని కాదని మంచోడయిండు. ఘటోత్కచుణ్ని చూడండి. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు వేసిన ఆ వేషమంటే తెలుగోళ్లందరికీ ప్రాణం. పాండవుల పని చేసినంతకాలం ముద్దే. అదే ఘటోత్కచుడు యుద్ధంలో కూలినప్పుడు మహాభారతం ద్రోణపర్వంలో కృష్ణుడు సంతోషంతో గంతులు వేస్తడు. యజ్ఞాలకూ బ్రాహ్మణులకూ పగవాడు కాబట్టి, కర్ణుడు చంపకుంటే ఎప్పటికైనా నేనే చంపవలసి వచ్చేదంటడు. మంచి రాక్షసుని జీతం అది!

ఒక్కణ్ని మంచోడని ఎత్తుకునేది మిగతా జాతిని చెడ్డదని ఖాయం చేసేటందుకే. 'నువ్వు మీవాళ్ల లెక్క కాదు సార్' అని ఆఫీసుల్లో, స్టాఫ్ రూముల్లో మెచ్చుకుంటరే, ఆ మెప్పు ఇదే. చదువుకున్న మనోళ్లు కొందరు ఆ మెప్పుకు పొంగిపోయి వాడ తొవ్వ మరిచిపోతున్నరు. విభీషణ పట్టాభిషేకం ఎవరికి లాభమో ఆలోచించుకోవాలె.

రెండో మార్పు 2020లో వచ్చింది. ఆ ఏడు మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిన తర్వాత అమెరికా రోడ్ల మీదికి వచ్చింది. జూన్‌లో ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఒక ప్రకటన చేసింది. ఓర్కులనూ డ్రౌలనూ నిజమైన జనాల మీద వేసిన ముద్రలు గుర్తుకొచ్చేటట్టు చిత్రించినమని, ఇక మీద వాళ్లను మిగతా జనాల లెక్కనే మంచీ చెడ్డా కలిసినోళ్లుగా చూపిస్తమని చెప్పింది. ఓర్కుల తెలివిలో కోత ఆ ఏడే పోయింది. సాలెపురుగు దేవతను కొలవని డ్రౌ జనం వేరేచోట్ల ఉన్నరని 2021లో కొత్త కథ కట్టిండ్రు. 2024 రూల్ పుస్తకంలో 'జాతి' అనే మాటే తీసేసి 'జీవజాతి' అన్న అర్థమొచ్చే మాట పెట్టిండ్రు.

బాగనే ఉంది. కానీ మాట మారితే బుద్ధి మారుతదా? 2022లో అదే కంపెనీ పుస్తకంలో కోతుల్లాంటి ఒక జనం కథ అచ్చయింది. బానిసలుగా అమ్ముకుందామని ఒక మాంత్రికుడు వాళ్లకు మందు తాపి తెలివి తెప్పించిండట. జనం తిట్టినంక క్షమాపణ చెప్పి తీసేసిండ్రు. ప్రకటన చేసిన రెండేండ్లకే ఈ తప్పు! మనల్ని 'హరిజనులు' అన్నప్పుడు కూడా పేరే మారింది, బావి మారలేదు. పేరు ఎవడు పెడుతున్నడు, కథ ఎవడు రాస్తున్నడు అన్నది అసలు సంగతి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. రాక్షసుని ముద్రను అడిగినోళ్లలో మనం వెనుకబడి లేం. 1873లోనే జోతిబా ఫూలే 'గులాంగిరి'లో రాక్షసులంటే ఈ నేలను కాపాడిన రక్షకులేనని వాదించిండు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూకవధ' నాటకం రాసిండు. ఆ ఆట పుట్టకముందే మనం అడిగినం. జవాబు ఏమొచ్చింది? మహిషాసురుని మీద ప్రత్యేక సంచిక వేసిన 'ఫార్వర్డ్ ప్రెస్' పత్రిక ఆఫీసు మీద 2014 అక్టోబరులో ఢిల్లీ పోలీసులు పడి కాపీలు ఎత్తుకపోయిండ్రు. 2016 ఫిబ్రవరిలో కేంద్రమంత్రి పార్లమెంటులో మహిషాసురుని కరపత్రం చదివి దేశద్రోహానికి రుజువు అన్నట్టు చూపించింది. అక్కడ అడిగితే రూల్ పుస్తకం మారింది. ఇక్కడ అడిగితే కేసు అయింది.

మన సినిమా ఏం చేసింది? 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలో కాలకేయులను చూసిండ్రు కదా. ఒళ్లంతా నల్లరంగు పూసిన అనాగరిక జనం. వాళ్లకు కిలికి అని ఒక భాష కూడా కల్పించిండ్రు. భాషకు వ్యాకరణం కట్టినోళ్లు ఆ జనానికి ఒక తల్లిని, ఒక పాటను, ఒక పంటను కట్టలేకపోయిండ్రా? కాలకేయులనే పేరు మహాభారతంలో అర్జునుని చేతిలో చచ్చిన దానవులది. పాత ముద్రనే కొత్త కంప్యూటరు మీద గీసిండ్రు.

'రావణుడు బ్రాహ్మణుడే కదా, మీకేం నొప్పి' అని కొందరు అడుగుతరు. పులస్త్యుని మనుమడే, ఒప్పుకుంటం. మరి బొమ్మ గీసేటప్పుడు నల్లగా, కోరలతో ఎందుకు గీస్తున్నరు? రావణుని నెత్తురే మా నెత్తురని మేం అనటం లేదు. జాతి నెత్తురు సిద్ధాంతాలను అంబేద్కర్ 1946లోనే 'శూద్రులెవరు?' పుస్తకంలో తిప్పికొట్టిండు. మా తగాదా నెత్తురు మీద కాదు, నలుపునూ చెడ్డనూ ఒక్కటి చేసే రూల్ మీద.

ఆ రూల్‌కు విరుగుడు మనవాడలోనే ఉంది. రామాయణంలో జాంబవంతుడు ముసలి ఎలుగుబంటి. జాంబపురాణంలో ఆయనే భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టిన ఆదిపురుషుడు, మాదిగల మూలపురుషుడు. ఆ పురాణాన్ని డక్కలోళ్లు, చిందోళ్లు తరాలుగా మోసుకొచ్చిండ్రు. 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాల నకాషీలు కులపురాణాలను పటాల మీద రంగుల్లో గీసిండ్రు. పటం మీద మన తాత జంతువు కాడు, మనిషి. అయితే ఆ తాత కథ చెప్పే డక్కలోణ్ని మనం ఎట్లా చూస్తున్నం? మనకంటే తక్కువోడని వాడ అంచున నిలబెడుతలేమా? డక్కలి బిడ్డ, కిన్నెర కళాకారుడు మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో ఆయన కూలికి పోతున్నడని పత్రికలు రాసినయి. ఇండ్లల్ల రాక్షసులను పుట్టించే రూల్ మనింట్లో కూడా ఉంటే, దాన్ని ముందు మనమే కొట్టేయాలె.

అందుకే చెప్తున్నం. టీచర్లుగా ఉన్న మన మిత్రులు దసరా, దీపావళి పాఠం చెప్పేటప్పుడు శంబూకుని కథ కూడా చెప్పాలె. పిల్లగాడు రాక్షసుని బొమ్మకు నల్లరంగు తీస్తే 'ఎందుకు బిడ్డా' అని ఒక్కమాట అడగాలె. అంబేద్కర్ సంఘాలు ఈ ఏడు వాడవాడనా జాంబపురాణం చెప్పించాలె. చెప్పినోనికి దండతో సరిపెట్టకుండా కూలి కట్టియ్యాలె, పక్కన కూచుండబెట్టి అన్నం పెట్టాలె. సినిమాలు తీసేటోళ్లను, బొమ్మల పుస్తకాలు వేసేటోళ్లను ఉత్తరం రాసి అడగాలె. పాచికల ఆటలో రూల్ అడిగితేనే మారింది. అడగనిది ఏదీ మారదు.