సగం గుర్తున్న కథ

పూర్తిగా మరచిపోయిన కథ మనిషిని బాధించదు. సగం గుర్తుండి సగం జారిపోయిన కథ మాత్రం మనసును నిలువనీయదు. ఎన్నడో దూరదర్శన్‌లో చూసిన అపరాధ పరిశోధక ధారావాహికలోని ఒక భాగాన్ని తలచుకోండి. వీధిలో నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలుతాడు. అతని గుండెలో సన్నని ముల్లు దొరుకుతుంది. అంతకుముందు ఎక్కడో సైకిలు గంట మోగింది. ఇంతవరకే జ్ఞాపకం. ధారావాహిక పేరు తెలియదు, హంతకుడెవరో తెలియదు. ఇటువంటి కథను వెదకడం పనిలేనివారి కాలక్షేపమని కొందరు తీసిపారవేస్తారు. అది సత్యాన్వేషణకు చక్కని అభ్యాసమనీ, ఒక జాతి తన కథలను ఎంత శ్రద్ధగా దాచుకుంటున్నదో తెలిపే పరీక్ష అనీ నా అభిప్రాయం.

ఈ అన్వేషణలో మొదట అనుమానించవలసింది మన జ్ఞాపకాన్నే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలలో ఆనాడు హిందీ ధారావాహికలను చూసినవారిలో ఆ భాష రానివారు ఎందరో. వారిని అడిగితే పాత్రల సంభాషణలను తెలుగులోనే అప్పగిస్తారు! పక్కన కూర్చున్న అన్నయ్య చెప్పిన అర్థమో, తాము ఊహించుకున్న మాటలో కాలక్రమాన పాత్రల నోటిలో చేరిపోయాయన్నమాట. కనుక మాటలను నమ్ముకొని వెదకితే దారి తప్పుతాము. కంటితో చూసిన వస్తువులను, వేషాలను ఆధారం చేసుకోవడం మేలు.

పరిశోధకుడు క్యారెట్టు నములుతూ ఉండేవాడా? అయితే అది 1985లో ప్రసారమైన ‘కరంచంద్’. ఆ పాత్రధారి పంకజ్ కపూర్. ధోవతి కట్టుకొని నిదానంగా మాట్లాడేవాడా? అయితే అది 1993లో మొదలైన ‘బ్యోమకేశ్ బక్షీ’. బాసు ఛటర్జీ దర్శకత్వం వహించిన ఆ ధారావాహికలో రజిత్ కపూర్ ప్రధాన పాత్ర ధరించారు. దానికి మూలం వంగ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన కథలు. ఇంతవరకు తేలితే తెరను విడిచి పుస్తకాన్ని పట్టుకోవచ్చు. 1932 నాటి ‘పథేర్ కాంటా’ అనే కథలో కలకత్తా వీధులు, గుండెలో దిగిన గ్రామఫోను ముల్లు, సైకిలు గంట, అన్నీ ఉన్నాయి. ఆ పేరుకు ‘దారిలోని ముల్లు’ అని అర్థం. ఆ భాగానికి హిందీలో ‘రాస్తే కా కాంటా’ అని పేరు పెట్టారు. హంతకుడెవరో ఇక్కడ చెప్పి మీ ఆసక్తిని చంపడం న్యాయం కాదు. తనను డిటెక్టివు అనడం బ్యోమకేశునికి రుచించదు. ‘సత్యాన్వేషి’ అని చెప్పుకుంటాడు. అతని కథను వెదికేవారికీ ఆ పేరు తగినదే.

అయితే ఈ వెదుకులాట ఫలించడం మన తెలివి ఒక్కదానివల్లనే కాదు. మూలకథ అచ్చులో నిలిచింది. చిత్రీకరణ కూడా భద్రంగా ఉన్నది. అందువల్లనే 2020లో కరోనా కారణంగా దేశమంతా ఇళ్లకు పరిమితమైనప్పుడు దూరదర్శన్ ఆ ధారావాహికను మళ్లీ ప్రసారం చేయగలిగింది. అన్ని కథలకూ ఈ అదృష్టం లేదు. 1968లో బి.బి.సి. ప్రసారం చేసిన షెర్లాక్ హోమ్స్ ధారావాహికలో 16 భాగాలుంటే నేడు మిగిలినవి 6 మాత్రమే. ఆ రోజులలో టేపులు ఖరీదైనవి. పాత కార్యక్రమాన్ని చెరిపి అదే టేపుపై కొత్తది నింపుకొనేవారు. మన ప్రాచీన సాహిత్యం ఇటువంటి నష్టాన్ని ఎన్నడో చవిచూసింది. దొరకని కావ్యాలలోని పద్యాలను ఏర్చి కూర్చి వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ‘ప్రబంధరత్నావళి’ని వెలువరించారు. కావ్యం పోయి పద్యం మిగలడమూ, ధారావాహిక పోయి సైకిలు గంట మిగలడమూ ఒకే జాతి దుఃఖాలు.

దీనికి నివారణ ఏమిటో మన శ్రీకాకుళమే చూపింది. కథారచయిత కాళీపట్నం రామారావు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. అందరికీ కారా మాస్టారు. అచ్చయిన తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలనే సంకల్పంతో, తమకు లభించిన పురస్కారాల ధనాన్ని వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22న ఆయన అక్కడ ‘కథానిలయం’ నెలకొల్పారు. 2021లో ఆయన కన్నుమూసినా ఆ ఇల్లు నిలిచి ఉన్నది. కథ పేరో, రచయిత పేరో, పత్రిక పేరో ఒక్కటి చేతికి చిక్కితే మిగిలిన వివరాలకు దారి దొరకడమే అటువంటి నిలయం గొప్పతనం. తెరమీద తెలుగులో చెప్పిన కథలకూ ఇటువంటి నిలయం కావాలి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారం చేసిన నాటికలు, 1995 నుండి ప్రైవేటు ఛానళ్లలో వచ్చిన ధారావాహికలు, వాటి రచయితలు, నటులు, సంవత్సరాలు ఒక సూచికలోకి ఎక్కాలి.

టీవీ ధారావాహిక ఏపాటి సాహిత్యమని కొందరు అడుగవచ్చు. ఒకప్పుడు అపరాధ పరిశోధక నవలలనూ పెద్దలు ఇట్లాగే చిన్నచూపు చూశారు. విలువ కట్టడం తరువాతి తరాల పని. వస్తువే లేకుంటే వారు దేనికి విలువ కట్టగలరు? ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయి కదా అని మరికొందరంటారు. పేరు తెలిసినవారికి అక్కడ దొరకవచ్చు. సైకిలు గంట ఒక్కటే గుర్తున్నవారికి దారి చూపవలసింది, ఎవరో ఓపికగా రాసిపెట్టిన కథాసంగ్రహమే. పైగా నేడు అక్కడ కనిపించిన దృశ్యం రేపు ఉంటుందన్న హామీ లేదు.

విద్యార్థులు ఈ పనికి నేడే పూనుకోవచ్చు. ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి వారికి సగం గుర్తున్న ఒక కథను రాసుకోండి. వారు చూసినదాన్ని ఒకవైపు, ఊహిస్తున్నదాన్ని మరొకవైపు ఉంచండి. ఏ ఊరిలో, ఎవరి ఇంట, సుమారు ఏ సంవత్సరంలో చూశారో చేర్చండి. ఆ కాగితాలన్నీ కళాశాల గ్రంథాలయంలో ఒక దస్త్రంగా చేరితే, తెలుగు తెరకథల సూచికకు అదే మొదటి పుట అవుతుంది.