ఫిట్టరుకి అప్రెంటిసుంది, డిజైనరుకేముంది?

"గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవాలంటే నెట్ ఉంటే చాలు, అన్నీ అందులోనే ఉన్నాయి" అనే మాట మన సాఫ్టువేరు వాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇంతకీ ఆ మాట అనేదెవరయ్యా అంటే.. నాలుగేళ్లు ఇంజనీరింగు చదివి, సీనియర్ల నోట్సు జిరాక్సు తీయించుకుని పరీక్షలు గట్టెక్కి, తెలిసినవాళ్ల రిఫరల్‌తో ఉద్యోగంలో చేరి, చేరాక కూడా పక్క సీట్లో ఉన్నాయన కోడ్ రివ్యూలో నాలుగు తిడితే తప్ప పని రాని మనమే! మనకి మాత్రం అడుగడుగునా మనిషి తోడుండాలి. డిజైనరు అవుదామనుకునే పిల్లాడికి మాత్రం యూట్యూబు చాలు. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు.

నేను మాట్లాడేది బంజారాహిల్స్ యాడ్ ఏజెన్సీల గురించి కాదు, పటాన్‌చెరు దగ్గరి భానూర్ గురించి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది సంగారెడ్డి జిల్లా (2016 దాకా మెదక్ జిల్లా). భారత్ డైనమిక్స్ వాళ్ల యూనిట్ ఉందిక్కడ, యుద్ధ ట్యాంకుల్ని కొట్టే మిసైళ్లు తయారవుతాయి. కాస్త పక్కకి వెళ్తే ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, ఇటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీలూ రసాయనాల కంపెనీలూ. ఈ చుట్టుపక్కల ఐటీఐ చదివిన పిల్లాడికి ముందు ఒక దారంటూ కనిపిస్తుంది. ఫిట్టరో, టర్నరో, ఎలక్ట్రానిక్ మెకానిక్కో అయితే అప్రెంటిసుగా చేరతాడు. నెలనెలా స్టైపెండు వస్తుంది, అది ఎంత తక్కువైనా సరే. దాంతోపాటు చెయ్యి పట్టుకుని నేర్పే సీనియరు దొరుకుతాడు. "ఇట్ల కాదురా" అనే మనిషి. ఏడాది అయ్యేసరికి చేతిలో సర్టిఫికెట్టూ, ఫోన్లో పదిమంది నంబర్లూ ఉంటాయి. నెట్‌వర్కింగు అని మనం గొప్పగా చెప్పుకునేది అదే కదా!

ఇక అదే వీధిలో ఫ్లెక్సీ షాపులో కూర్చుని కోరల్‌డ్రాలో పని చేసే పిల్లాడి సంగతి చూడండి. పెళ్లి కార్డు, పుట్టినరోజు బ్యానరు, కిరాణా షాపు బోర్డు, ఎన్నికలొస్తే రాత్రంతా నాయకుల ఫ్లెక్సీలు. వాడు చేసేది గ్రాఫిక్ డిజైనా కాదా? మనవాళ్లు నవ్వుతారు. నవ్వకండి. ఒకే ఫ్లెక్సీ మీద పార్టీ అధినేత దగ్గర్నుంచి వార్డు మెంబరు బావమరిది దాకా పాతిక మొహాలు పెట్టాలి. ఎవరి ఫోటో ఎంత సైజు, ఎవరు పైన ఎవరు కింద, ఏ ఇద్దరు పక్కపక్కన ఉండకూడదు.. ఇవన్నీ ఒక్క రాత్రిలో తేల్చి, తెల్లారి ఎవరితోనూ తన్నులు తినకుండా బతికి బయటపడాలి. మన డిజైన్ సమావేశాల్లో విజువల్ హైరార్కీ గురించి గంటసేపు స్లైడ్లు వేసేవాళ్లలో ఎంతమందికి చేతనవుతుంది ఈ పని? :-)

అలాంటి ఒక కుర్రాడికి మా టీములో జూనియర్ డిజైనరు ఖాళీ ఉందంటే చెప్పాను. పోర్ట్‌ఫోలియో పంపమన్నాను. వాడన్నమాట ఇది: "అన్నా, పోర్ట్‌ఫోలియోల ఏం పెట్టాలె? నేను చేసినయన్నీ మూడ్రోజులకే చింపేసిన్రు గదా!" నిజమే కదా. ఫ్లెక్సీ మీద కింద మూలన చిన్న అక్షరాల్లో షాపు ఫోన్ నంబరుంటుంది గానీ చేసినవాడి పేరుండదు. చివరికి ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ ఏరి పంపాడు. మా వాళ్లు రెండు నిమిషాలు చూశారు. "కేస్ స్టడీలు లేవు, ప్రాసెస్ లేదు, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం" అని పక్కన పెట్టేశారు. అదే వారం నాలుగు నెలల కోర్సు చేసిన ఇంకో అబ్బాయిని తీసుకున్నారు. అతని పోర్ట్‌ఫోలియోలో ఉన్నది ఒక ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్. ఎవరూ అడగనిది, ఎవరూ వాడనిది. తప్పు ఆ అబ్బాయిది కాదు, అతనికి అలాగే నేర్పారు. రోజుకి పది నిజమైన గిరాకీలతో తలపడేవాడి పని మన కళ్లకి ఆనకపోవడమే నా బాధ.

చదువుకోవచ్చు కదా, కాలేజీలు లేవా అంటారా? ఉన్నాయి, అదే ఇంకా మండే విషయం. 2008లో ఐఐటీ హైదరాబాద్ మొదలైంది ఎక్కడనుకున్నారు? ఈ ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలోనే, తాత్కాలికంగా. తర్వాత కందిలో సొంత క్యాంపసుకి మారింది. అక్కడ డిజైన్‌కి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది, బీడెస్ ఉంది, ఎండెస్ ఉంది. భానూర్ నుంచి కందికి పెద్ద దూరమేం కాదు. కానీ ఆ బీడెస్ సీటు కావాలంటే యూసీడ్ రాయాలి. ఐఐటీ బొంబాయి 2015 నుంచి నడుపుతున్న పరీక్ష అది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే. ఇంటరు తర్వాత రెండుసార్లకి మించి రాయడానికి లేదు. అసలు అలాంటి పరీక్ష ఒకటుందని ఈ చుట్టుపక్కల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చదివే పిల్లల్ని అడిగి చూడండి. జేఈఈ మెయిన్‌ని 2021 నుంచి తెలుగులో రాయనిస్తున్నారు, నీట్ తెలుగులో రాయొచ్చు. ఫిజిక్సు తెలుగులో అడగొచ్చట, బొమ్మ గీయమని తెలుగులో అడగకూడదట! బొమ్మకి భాషేంటండీ బాబూ?

మాసబ్‌ట్యాంకులో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది, బీఎఫ్ఏలో అప్లైడ్ ఆర్ట్ చదవొచ్చు. మంచి కోర్సే. దానికీ ప్రవేశపరీక్ష ఉంది. ఇటు సదాశివపేట వైపు ప్రైవేటు యూనివర్సిటీలో కూడా డిజైన్ చెప్తారు, ఆ ఫీజుల జోలికి నేను పోను. అమరావతి దాకా వెళ్లగలిగితే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇవన్నీ కాదంటే అమీర్‌పేట. అక్కడ ఒకప్పుడు ఫోటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్ కలిపి డీటీపీ అని అమ్మేవారు. ఇప్పుడు ఫిగ్మా నేర్పి యూఐ యూఎక్స్ అంటున్నారు. బోర్డు మారింది గానీ సరుకు అదే. ఏ మెనూలో ఏముందో చెప్తారు. నీ పని ఎందుకు బాలేదో చెప్పే మనిషి మాత్రం ఉండడు.

ఆ మనిషి ఎంత ముఖ్యమో మన తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. బాపు గారు చదివింది లా. ఆయన చెయ్యి తిరిగింది పత్రికాఫీసుల్లో, ప్రకటనల ఆఫీసుల్లో. సినిమా పోస్టర్ల ఈశ్వర్ గారు (2021లో పోయారు) ఆ బాపు గారి 'సాక్షి'తోనే 1967లో పబ్లిసిటీ డిజైనరుగా మొదలయ్యారు. ఆ రోజుల్లో మద్రాసులో పత్రికాఫీసులూ పబ్లిసిటీ ఆఫీసులే బళ్లు. పని జరిగే చోటే చదువూ జరిగింది. ఊరి బోర్డులు రాసే పెయింటర్ల దగ్గరా అంతే, రంగు డబ్బాలు కడుగుతూ కడుగుతూ ఒకరోజు 'క' రాసేవాడు శిష్యుడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ గురువులూ పోయారు, ఆ శిష్యరికమూ పోయింది. దాని స్థానంలో ఏం వచ్చిందీ అంటే వాట్సాపు గ్రూపులు. ఒకడు పెళ్లి పీఎస్‌డీ పెడతాడు, వందమంది దింపుకుంటారు, పేర్లు మార్చి ప్రింటేస్తారు. అది పంచుకోవడమే గానీ నేర్చుకోవడం కాదు.

ఇక నేర్చుకోవడంలో తెలుగుకి ప్రత్యేకమైన కష్టాలు కొన్నున్నాయి. వీటికి ఇంగ్లీషు ట్యుటోరియల్ ఒక్కటీ జవాబు చెప్పదు. ఈ షాపుల్లో ఇప్పటికీ టైపు చేసేది ఎక్కువగా అను ఫాంట్లలో. అవి యూనికోడ్ కాదు, లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు, పైకి తెలుగులా కనిపిస్తాయంతే. ఆ ఫైలులోంచి కాపీ చేసి బయట అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. అంటే వీడి పదేళ్ల టైపింగు నైపుణ్యం వెబ్బు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పోనీ యూనికోడుకి వద్దామంటే, ఇలస్ట్రేటర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. పెద్ద పెద్ద కంపెనీల హోర్డింగుల మీద విరిగిన ఒత్తులు మీరు చూడలేదూ? ఇంగ్లీషు కోసం పెట్టిన లైన్ స్పేసింగులో తెలుగు పోస్తే పై వరస ఒత్తు కింద వరస గుడిదీర్ఘం మీద పడి కొట్టుకుంటాయి. వాటిని విడదీయడం తెలిసినవాళ్లు ఉన్నారు, కానీ ఆ తెలిసినవాళ్లకీ ఈ షాపు కుర్రాడికీ మధ్య పరిచయం లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లూ, పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన మండలి, రామభద్ర లాంటివీ ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి ఉన్నాయని ఈ కుర్రాడికి చెప్పేవాడు లేడు.

"మీటప్పులు జరుగుతూనే ఉంటాయిగా, రావచ్చుగా" అంటారు. జరుగుతాయి. మాదాపూర్లో, రాయదుర్గంలో, ఎక్కువగా పనిరోజు సాయంత్రాలు, పూర్తిగా ఇంగ్లీషులో. షాపు మూసేసరికి రాత్రి పదవుతుంది. మధ్యాహ్నమే మూసి వెళ్తే ఆ రోజు కూలీ పోతుంది. 2019 అక్టోబరులో ప్రపంచ డిజైన్ సంస్థ వాళ్ల సర్వసభ్య సమావేశం మన హైదరాబాదులోనే జరిగింది, దాంతోపాటు డిజైన్ వీక్ అని పెద్ద హడావుడి. మంచిదే, నగరానికి పేరొచ్చింది. ఔటర్ దాటి ఇవతల ఒక్క ఫ్లెక్సీ షాపు తలుపైనా ఎవరైనా తట్టారా? నాకు తెలిసి ఇక్కడివాళ్లెవరికీ అది జరిగిందనే తెలీదు.

పరిశ్రమల మధ్య ఉన్నవాళ్లకి డిజైనరు అంటే లోగో గీసేవాడని కూడా అనుకోకండి. ఈ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలోనూ ఇలా వచ్చినవాళ్లే ఎక్కువ. బోర్డులు బాగుంటే అది ఆగేదని నేననడం లేదు. అలా అనడం చనిపోయినవాళ్లని అవమానించడమే. నేనడిగేది వేరే. ఒక షెడ్డులో తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి మాట్లాడేవాళ్లు కలిసి పనిచేస్తుంటే, ఏ డ్రమ్ముని ముట్టుకోకూడదో, ఏ తలుపుగుండా పరిగెత్తాలో వాళ్లకి ఒక్క చూపులో అర్థమయ్యేలా చెప్పడం ఎవరి పని? రసాయనాలకి అంతర్జాతీయంగా తొమ్మిది గుర్తులున్నాయి, ఎర్ర అంచు డైమండు ఆకారంలో. వాటిని చదవడం ఎవరికైనా నేర్పాలిగా. గోడ మీద ఎక్కడ పెట్టాలి, ఎంత సైజుంటే పొగలో కనిపిస్తుంది, పక్కన ఏ భాషలో ఎన్ని మాటలు రాయాలి.. ఇది అసలైన గ్రాఫిక్ డిజైన్ సమస్య. ఈ నేల మీద పుట్టిన సమస్య. చాలాచోట్ల ఇంగ్లీషులో ముద్రించిన రెడీమేడ్ స్టిక్కరు ఒకటి అతికించి చేతులు దులుపుకుంటారు.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇంకా డిజైనర్లెందుకు అనేవాళ్లూ తయారయ్యారు. పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసే పనిని అది తినేస్తోంది, నిజమే, అందుకే ఈ కుర్రాళ్లకి తొందర. తెలుగక్షరాలు రాయమంటే అది ఇప్పటికీ తరచు ఒత్తులు ఎగరగొడుతుంది, రేపో మాపో అదీ సర్దుకుంటుంది. అయినా పై షెడ్డులో ఏ గోడ మీద ఏం పెట్టాలో దాన్ని అడిగితే చెప్తుందా? ఆ షెడ్డులోకి నడిచివెళ్లి, నలుగురిని అడిగి, గీసి, మళ్లీ చూపించి, తప్పయితే మార్చే మనిషి కావాలి. ఆ పని వచ్చినవాణ్ణి తయారు చేసుకోవాలంటే ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టాలి.

ఆ కూర్చోబెట్టడానికి కొత్త పథకాలేం అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉంది. అది ఫిట్టర్లకే అనుకుంటాం మనం. 2014 సవరణ తర్వాత కంపెనీలు ఆప్షనల్ ట్రేడ్లు కూడా తీసుకోవచ్చు, గ్రాఫిక్ డిజైనర్ అనే అర్హతకి మీడియా రంగ నైపుణ్య మండలి పాఠ్యప్రణాళిక కూడా రాసిపెట్టింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా తన మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిసుల్ని తీసుకుని తీరాలి. కాంట్రాక్టు వాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. స్టైపెండులో 25 శాతం, నెలకి 1500 రూపాయల దాకా, కేంద్రం భరిస్తుంది. మిసైళ్ల ఫ్యాక్టరీకి ఎలా వర్తిస్తుందో గచ్చిబౌలిలో అద్దాల మేడలో ఉన్న మన కంపెనీలకీ అలాగే వర్తిస్తుంది. 400 మంది ఉన్న కంపెనీ అయితే కనీసం పదిమంది. ఆ పదిమందినీ కోడింగుకే తీసుకోవాలని ఎక్కడా రాసిలేదు. భానూర్ నుంచి కొల్లూరు మీదుగా ఔటరెక్కితే గచ్చిబౌలి ఎంతసేపు?

మీ హెచ్చార్ వాళ్లనడగండి, ఆ లెక్కలో ఎంతమంది ఉన్నారో, వాళ్లలో డిజైనరు ఒక్కడైనా ఉన్నాడో లేదో. నేను మా వాళ్లని అడిగాను. "ఆ చట్టం ఫ్యాక్టరీలకి కదా" అన్నారు. చట్టం కాపీ మెయిల్ చేశాను, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మీ చెల్లెలి పెళ్లి కార్డో, మీ స్టార్టప్ లోగోనో ఊళ్లో కుర్రాడితో చేయించుకుంటే డబ్బులివ్వండి. "ఫ్రీగా చేసిపెట్టు, నీకు ఎక్స్‌పోజర్ వస్తుంది" అనకండి, వాడి పని ఇప్పటికే కరెంటు స్తంభం మీద, మూడురోజులపాటు ఊరందరికీ ఎక్స్‌పోజ్ అవుతూనే ఉంది.