అడిగే పిల్లలకు పని చెప్పండి

పదో తరగతికి రాగానే పిల్లలు గుడివైపు చూడ్డం లేదని మా భజన బృందంలో తల్లులు వాపోతుంటారు. నాకైతే అందులో వింతేమీ కనబడదు. ఐదేళ్లప్పుడు ప్రసాదం కోసం వచ్చినవాడు పదిహేనేళ్లకు ‘ఎందుకు?’ అంటాడు. అననివ్వండి. కఠోపనిషత్తు నడిచిందే నచికేతుడనే కుర్రాడి ప్రశ్నల మీద. తండ్రినే నిలదీశాడు, యముణ్నీ వదల్లేదు. మన ఇళ్లలో మాత్రం ‘కళ్లు పోతాయ్’ అంటే చర్చ సరి!

మా గుళ్లో ధనుర్మాసం తెల్లవారుజామున తిరుప్పావై 30 పాశురాలూ రోజుకొకటి చొప్పున సాగుతాయి. చదవమంటే మూతి ముడిచే కుర్రాడొకడికి మృదంగం అప్పగించాం. ఇప్పుడు ఎడమవైపు రవ్వముద్ద తనే తడిపి అద్దుతాడు, శ్రుతి కుదిరేదాకా ఎవర్నీ ముట్టనివ్వడు. పాశురాల అర్థం కూడా తనే అడిగాడు, అదీ పొంగలి తింటూ. ఆండాళ్ వాటిని పాడినప్పుడు చిన్నపిల్లేనని సంప్రదాయం చెబుతుందంటే నమ్మలేదు.

పరీక్షల రోజుల్లో రాకపోతే దెప్పకండి. పక్కింటి పిల్లతో పోల్చడం అసలే వద్దు. ఈ ధనుర్మాసంలో మైకో, హారతో, ప్రసాదం పంపకమో ఏదో ఒకటి పూర్తిగా వాళ్లకే వదిలేయండి. తప్పులు పట్టకుండా పెద్దలు పక్కన కూర్చుంటే చాలు.